రాని తుపానుకు కోసిన ఆకు

మా ఊళ్లో సముద్రం చూసినవాళ్లు ఆ రోజుల్లో నలుగురో అయిదుగురో ఉంటారు. తిరుపతికి పోయి, అట్నుంచి మద్రాసు దాకా పోయి వచ్చినవాళ్లు. వాళ్లు కూడా దాని గురించి పెద్దగా చెప్పేవాళ్లు కాదు. నీళ్లు ఉప్పగా ఉన్నాయని, ఇసకలో చెప్పులు పోయాయని చెప్పి ఊరుకునేవాళ్లు. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే మెట్ట ఊరు మాది. సముద్రంతో మాకేం పని? అయినా నవంబరు వచ్చిందంటే మా బతుకు బంగాళాఖాతం చేతిలో ఉండేది. అక్కడ వాయుగుండం లేస్తే మా చెరువుకు నీళ్లు. మరీ గట్టిగా లేస్తే కళ్లంలో వేసిన చెనిక్కాయ కుప్పకు మొలకలు. కోస్తావాళ్లు రావద్దని మొక్కుకునే దాన్ని మేము రావాలని మొక్కుకునేవాళ్లం, కానీ కొంచెంగా రావాలని. దేవుడికి కొలత చెప్పి మొక్కుకునే జాతి మాది.

నేను చెప్పబోయేది తొంభైల్లో ఒక నవంబరు సంగతి. ఆ నెలలో బంగాళాఖాతంలో మూడు లేచాయి. ఒకటి మా మీదికి వచ్చింది, ఒకటి రాలేదు, ఒకటి ఎవరూ అనుకోకుండా వచ్చింది. మమ్మల్ని ముంచింది రానిదే.

అప్పుడు నేను మదనపల్లెలో డిగ్రీ మొదటి సంవత్సరం. మా ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినదాన్ని, ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా చూసుకునేదాన్ని కూడా. పొద్దున్నే రేడియో వార్తలు పెట్టి, మంత్రుల సంగతి నుంచి వాయుగుండం సంగతి దాకా ఇంట్లో అందరికీ వినిపించడం నా పని అనుకునేదాన్ని. మా నాయన టీ తాగుతూ విని "మనకు వానొస్తాదా రాదా, అది సెప్పు" అనేవాడు. మా అమ్మ వినేది కాదు. ఆమె పురుగుల గదిలో ఉండేది.

అమ్మది కుప్పం దగ్గర ఊరు. అక్కడ ఇంటింటా పట్టుపురుగులు పెంచేవాళ్లు. అమ్మ మా ఊరికి కోడలిగా వచ్చేటప్పటికి ఇక్కడ ఒక్కరికీ మల్బరీ అంటే తెలియదు. నేను పుట్టిన రెండేళ్లకు ఆమె పుట్టింటికి పోయి, తడిగోనెలో చుట్టిన మల్బరీ కడ్డీలు ఒడిలో పెట్టుకుని, మూడు బస్సులు మారి వచ్చిందట. మా నాయన తరపు వాళ్లు నవ్వారట. పురుగుల్ని చంపేవాళ్లను చూశాం గానీ మేపేవాళ్లను చూడలేదని. బావి పక్కన ముక్కాలు ఎకరాలో ఆ కడ్డీలు నాటింది. మూడేళ్లకు నవ్వినవాళ్లే వచ్చి కడ్డీలు అడిగారు. ఆ తోటను ఊళ్లో అందరూ మా అమ్మ తోట అనేవాళ్లు. మా ఇంట్లో ఆమె పేరుతో పిలిచేది అదొక్కటే. ఆవులు నాయనవి, చేను తాతది, ఇల్లు అవ్వది.

ఆ ఏడు వరసగా రెండు పట్టుగూళ్ల పంటలు పోయాయి. ఒకటి ఎండకు, ఒకటి రోగానికి. అదే సమయంలో చుట్టుపక్కల అందరికీ టమాటా పిచ్చి పట్టింది. మదనపల్లె మార్కెట్ ముందర లారీలు బారులు తీరేవి. మా నాయన చెడ్డవాడు కాదు, చాన్నాళ్లు ఓర్చుకున్నవాడే. దసరా అయినాక ఒక రోజు అన్నం తింటూ, అమ్మ మొహం చూడకుండా అన్నాడు.

"ఈ తూరి గూడా పోయిందంటే మల్బరీ పెరికేస్తాను మే. టమాటా పెడదాం. ఎన్నాళ్లని సూసేది?"

అమ్మ గిన్నెలో చారు కలుపుతూ "సరే" అంది. అంతే. మరుసటి రోజే పురుగుల గుడ్లు తెచ్చింది. అంటే ఆ నవంబరు పంట మీద ఆమె తోట మొత్తం నిలబడి ఉంది. నాకూ తెలుసు. అది తెలిసీ నేను చేసిన పని ఇప్పుడు చెప్తాను.

పట్టుపురుగు నాలుగుసార్లు తోలు మార్చుకుంటుంది. మార్చుకునే ముందు తిండి మాని, తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క. నాలుగో జ్వరం లేచాక వారం పాటు రాక్షసుల్లా తింటాయి. అప్పుడు ఇంట్లో మనుషులు తిన్నారా లేదా ఎవరికీ పట్టదు. తిని తిని పండి, ఒళ్లు పసుపుపచ్చగా మారాక చంద్రికల మీదికి ఎక్కిస్తే గూడు కడతాయి. చంద్రికలంటే వెదురుతో చుట్టలు చుట్టలుగా అల్లిన చాపలు. ఆ వారం రోజుల్లో తడి ఆకు పెట్టకూడదు, వాడిన ఆకు పెట్టకూడదు. అమ్మ అయితే గదిలోకి పొగాకు వాసన ఉన్నవాళ్లను కూడా రానిచ్చేది కాదు. మా నాయన బీడీ తాగి వస్తే వాకిట్లోనే నిలబడి మాట్లాడాలి.

మొదటి వాయుగుండం పురుగులు రెండో జ్వరంలో ఉండగా వచ్చింది. వస్తుందని రేడియో చెప్పింది, నేను చెప్పాను, వచ్చింది. అయిదు రోజులు ముసురు. ఎండ మొహం చూడలేదు. అప్పటికి పురుగులు చిన్నవి, ఆకు కొంచెం చాలు. అమ్మా నేనూ ఆ కొంచెం ఆకునూ పాత చీర గుడ్డలతో ఒక్కొక్కటిగా తుడిచాం. తడికి నాని వేళ్ల సందులు పాసిపోయాయి. గదిలో తేమ పోవడానికి పురుగుల మీద పల్చగా సున్నం చల్లాం. పురుగులున్న ఒక్క తట్ట కూడా పోలేదు. అమ్మ నన్ను చూసి "నీ రేడియో మంచిదే మే" అంది. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆ పొంగే కొంప ముంచింది.

నాలుగో జ్వరం లేచిన మూడో రోజు. ఎండ బాగా కాస్తోంది. మా నాయన ఎద్దుల బేరానికి పుంగనూరు సంతకు పోయి, అక్కడ మా అత్త ఇంట్లో ఉండిపోయాడు. పొద్దున రేడియోలో పెద్ద గొంతుతో చెప్పారు. బంగాళాఖాతంలో వాయుగుండం తుపానుగా మారిందని, ఇటువైపే వస్తోందని, రేపటి నుంచి దక్షిణ కోస్తా, రాయలసీమల్లో భారీ వర్షాలని. నేను రేడియో ఆపకుండానే పురుగుల గదికి పరిగెత్తాను.

"అమ్మా, రేపట్నుంచి పెద్ద వాన. ఈ పొద్దే ఆకంతా కోసేసి ఇంట్లో పెట్టుకుందాం. రెండు మూడు దినాలకు సరిపడా."

అమ్మ తట్ట దించి వంటింట్లోకి పోయింది. ఉప్పు జాడీ మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, వేళ్లు రుద్దుకుని చూసింది. వాన వచ్చేముందు ఆమె ఎప్పుడూ చూసేది అదే. గాలిలో తేమ ముందుగా ఉప్పుకు తెలుస్తుందనేది.

"ఉప్పు పొడిగానే ఉండాది మే. వాన వచ్చేట్టు లేదే."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. కాలేజీకి పోయే ఆడపిల్ల చదువుకోని తల్లిని చూసి నవ్వే నవ్వు. సముద్రం ఎక్కడ, మన ఉప్పు జాడీ ఎక్కడ అన్నాను. శాటిలైటు అన్నాను. పేపర్లో వేసిన పటం తెచ్చి చూపించాను, చదవడం రాని మనిషికి.

"సెట్టు మీద ఉండే ఆకును సెట్టు సూసుకుంటాది. కోసినాక మనమే సూసుకోవల్ల. అంత ఆకును సూసుకోను మనతో అవుతాదా?" అంది.

"తడిసినాక ఏం సేస్తావు? పోయినసారి ముసురుకు రేడియో నిజం సెప్పిందా లేదా?"

అమ్మ పురుగుల వైపు చూసింది. అవి తింటున్నాయి. అన్నీ ఒకేసారి ఆకు నములుతుంటే గది నిండా సన్న జల్లు పడుతున్నట్టు చప్పుడు. "సరే పా" అంది. మా ఇంట్లో ఆమె మాట తీసేయడం అందరికీ అలవాటు. పురుగుల విషయంలో మాత్రం ఆ రోజు దాకా ఎవరూ తీసేయలేదు.

పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు సాయం వచ్చారు. పొద్దు గూకేలోపల ముక్కాలు ఎకరా బోడి చేశాం. చివరి రోజుల కోసం అమ్మ దాచిపెట్టిన వరసలు కూడా కోయించాను. ఒక్క ఆకు మిగలకుండా కోసినందుకు గర్వపడ్డాను కూడా. వసారాలో మూలన నడుమెత్తు కుప్ప పోసి, అలవాటు ప్రకారం తడి గోనెలు కప్పాం. పూట ఆకుకు తడి గోనె కప్పితే తాజాగా ఉంటుంది. మూడు రోజుల ఆకును అట్లా కప్పితే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అంత ఆకు ఒకేసారి కోసిన తెలివిగలవాళ్లు మాకు ముందు ఎవరూ లేరు కాబట్టి.

మరుసటి రోజు తెల్లారి లేచి ఆకాశం చూశాను. ఒక్క మబ్బు లేదు. మధ్యాహ్నానికి ఎండ నెత్తి మాడ్చింది. పూటపూటకూ కుప్ప పైపైన ఆకే తీసి పురుగులకు పెట్టాం. వస్తుందిలే, సాయంత్రానికి వస్తుందిలే అనుకుంటూ వాకిట్లో తిరిగాను. సాయంత్రం వార్తల్లో చెప్పారు. తుపాను దిశ మార్చుకుని ఉత్తరానికి తిరిగిందని, ఇటు ముప్పు తప్పిందని.

ముప్పు తప్పింది అన్న మాట వింటూనే అమ్మ పోయి గోనె ఎత్తింది. చెయ్యి లోపలికి పెట్టి గబుక్కున తీసేసింది. నేనూ పెట్టాను. వేణ్ణీళ్ల కాగులో పెట్టినట్టుంది. కుప్ప లోపల ఆకు ఉడికిపోయింది. పైన పచ్చగానే ఉంది, లోపల నల్లగా, జిగటగా, పులిసిన వాసన. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మాకు ఆకులే కాలిపోయాయి.

అమ్మ అక్కడే కూర్చుని కుప్పను విడదీయడం మొదలుపెట్టింది. బాగున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. బాగున్నవాటికీ లోపల వేడి తగిలే ఉంటుందని ఆమెకు తెలుసు. కానీ తోటలో ఆకు లేదు, నేను ఉంచలేదు. ఊళ్లో ఎవరి పురుగులకు వాళ్ల ఆకు చాలడం లేదు. పెట్టకపోతే ఆకలికి పోతాయి, పెడితే రోగానికి పోతాయి. ఆ పూట అమ్మ ఏరిన ఆకునే చల్లింది. రెండో పూటకే కొన్ని పురుగులు తినడం మానేశాయి.

తెల్లారి మొదటి బస్సుకు నేను కుప్పం బయలుదేరాను. మేనమామ తోటలో ఆకు దొరుకుతుందని. పుంగనూరు, పలమనేరు, అక్కడ మళ్లీ బస్సు మారి కుప్పం. దారి పొడవునా కిటికీలోంచి ఎండను తిట్టుకుంటూ పోయాను. పలమనేరు బస్టాండులో ఎవరో పేపరు చదువుతుంటే విన్నాను, పైన కోస్తాలో తుపాను తీరం దాటిందని, ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నాయని, పడవల మీద పోయినవాళ్ల జాడ లేదని. అది విని కూడా నాకు వచ్చిన ఆలోచన ఒకటే. అది మా మీదికే వచ్చుంటే బాగుండేది కదా అని. వానొస్తే ఆకు ఇంత ఉడికేది కాదు, నా మాట నిజమయ్యేది. అట్లా అనుకుని, సిగ్గుతో బస్టాండు బెంచీ మీద మొహం దాచుకుని ఏడ్చాను. పక్కనున్న ఒకామె "ఎవురమ్మా పోయింది?" అని అడిగింది.

మామ విషయం విన్నాడు. ఆయనకూ పురుగులున్నాయి, ఆయన ఆకూ ఆయనకు చాలదు. అయినా రెండు మూటలు కోయించి కట్టించాడు. "మీ యమ్మ ఈ సెట్ల కడ్డీలే గదా తీసకపోయింది. ఇది ఆమె ఆకే" అన్నాడు.

మూటలు బస్సు మీద వేయించాను. లోపల పెట్టమని కండక్టరును బతిమాలితే, ఇది ఆవుల బండి కాదమ్మా అన్నాడు. పలమనేరులో బస్సు మారేటప్పుడు మబ్బు పట్టింది. రేడియోలో ఈ మూడోదాని పేరే సరిగా చెప్పలేదు. మామూలు అల్పపీడనం, భయపడాల్సింది లేదు అన్నారేమో, అదీ నేను వినలేదు. పుంగనూరు దాటగానే కుండపోత పట్టుకుంది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు. నేను కిటికీలోంచి తల బయట పెట్టి పైకి చూస్తూ, మూటల మీది నుంచి కారుతున్న పచ్చటి నీళ్లు చూస్తూ కూర్చున్నాను. బస్సు దిగాక ఒక మూట నెత్తిన, ఒక మూట చంకన పెట్టుకుని బురదలో రెండు మైళ్లు నడిచాను. మూట నెత్తి మీద వెచ్చగా ఉంది. అప్పటికే అదీ కాగడం మొదలైంది.

ఇంటికి వచ్చేటప్పటికి నాయన వచ్చేసి ఉన్నాడు. వసారాలో నిలబడి తల తుడుచుకుంటున్నాడు. పురుగుల గది తలుపు బార్లా తెరిచి ఉంది. బీడీ వాసనతో ఆయన గడప దాటి లోపలికి పోయి వచ్చినా అమ్మ ఏమీ అనలేదు. అది చూశాకే నాకు అర్థమయింది. లోపల చప్పుడు లేదు. ఆ సన్న జల్లు చప్పుడు ఆగిపోయింది. బయట మాత్రం కప్పు ఎగిరిపోయేట్టు వాన. తట్టల్లో పురుగులు మెత్తబడి, తలలు వేలాడేసి, కొన్ని అప్పటికే నల్లబడి ఉన్నాయి. ఇంకో రెండు రోజులైతే పండాల్సినవి.

మూలనున్న నల్లటి ఆకు కుప్పను కాలితో తోసి నాయన అడిగాడు.

"ఇంత ఆకు యాల కోసినారు? ఎవురు కోయమనింది?"

నేను నెత్తిన మూటతో వాకిట్లో నిలబడ్డాను. నోరు తెరిచాననే అనుకుంటాను. 

"నేనే" అంది అమ్మ.

"నువ్వా? ఎప్పుడన్నా కోసినావా ఇట్ల?"

"రేడియోలో తుపాను అన్న్యారు. నా సెవిన పడింది. పాప వద్దనే అనింది. నాకే బుద్ధి లేకపోయ."

పాప వద్దనే అంది. ఆ మాట కూడా కలిపింది. నాయన ఆమె వైపు తిరిగాడు. ఇరవై ఏళ్లు ఆ మనిషి తెలివి మీద ఉన్న నమ్మకం ఆయన మొహంలోంచి పోతూ ఉండడం నేను చూశాను. నేను చేయాల్సిందల్లా ఒక్క మాట అనడం. మూట దించి, తడి ఆకు ఆరబెట్టాలన్న వంకతో పక్కకు పోయాను. దేనికి ఆరబెట్టడం? తినేవి ఎక్కడున్నాయి?

మరుసటి రోజు తట్టలన్నీ పెంటగుంతలో బోర్లించాం. కాకులు దిగాయి. అమ్మ తట్టలు కడుగుతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"యాల అట్ల సెప్తివి నాయనకు?"

"నీ పేరు సెప్పింటే సదివిన తెలివి ఇదేనా అని రేపట్నుంచి నిన్ను బస్సు ఎక్కనిస్తాడా? నా తోట ఎట్లా పోయేదే. రెండూ యాల పోవాల?" అంది. అని, తట్ట తిరగేసి రుద్దసాగింది. కోపం లేదు. కోపం ఉండి నన్ను రెండు కొట్టి ఉంటే ఎంత బాగుండేదో.

వాన పదును మీద వారానికే మల్బరీ పెరికేశారు. ఎండాకాలంలో అయితే ఆ మోళ్లు గడ్డపారకు కూడా లొంగేవి కావు. రాదనుకున్న వానకు నేల మెత్తబడి, లాగితే వేళ్లతో సహా వచ్చాయి. అమ్మ కూడా లాగింది. ఆ మోళ్లనే పొయ్యిలో పెట్టి ఆ చలికాలమంతా నీళ్లు కాచింది. ఆ నీళ్లు పోసుకుని నేను కాలేజీకి పోయాను. ఒక కడ్డీ పెరట్లో తొట్టి పక్కన గుచ్చి పెట్టింది. చిగురు రాగానే మేక తినేసింది. ఇంకోటి గుచ్చలేదు. ఆ తర్వాత టమాటా పెట్టారు. కొన్నేళ్లు బాగా వచ్చింది, కొన్నేళ్లు రోడ్డు పక్కన పారబోశారు. ఆ చేనును నాయన చేను అనేవాళ్లు.

నా డిగ్రీ అయింది. మదనపల్లెలో బళ్లో టీచరునయ్యాను. పెళ్లయింది, పిల్లలయ్యారు. రెండు వేల తర్వాత మా ఊరి ఇంట్లోకి కూడా టీవీ వచ్చింది. నవంబరులో టీవీ తెర మీద బంగాళాఖాతం, దాని మధ్యలో తెల్లటి సుడి చూపించేవాళ్లు. సెలవుకు పిల్లల్ని తీసుకుని పోయినప్పుడు ఆ బొమ్మ కనిపిస్తే నాయనకు ఎక్కడలేని హుషారు వచ్చేది.

"తుపాను వస్తాదో రాదో మీ అవ్వను అడగండిరా. మీ అవ్వ వస్తాదని సెప్పిందంటే వచ్చేది గూడా రాదు. ఒక తూరి మీ అవ్వ రేడియో నమ్మి తోటంతా బోడి సేసింది."

ఏడాదికొకసారి అదే కథ. ప్రతిసారీ కొంచెం పెంచి చెప్పేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. నా భర్త నవ్వేవాడు. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మనిషి ఎవరో వేరే అయినట్టు నవ్వేది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేను చెప్తానేమోనని భయం ఉన్నట్టు కూడా కనిపించలేదు.

అందరితో పాటు నేనూ నవ్వాను.